పుట్ట లేని నేలలో పుట్టగొడుగులు

తొలకరి పడి నాలుగు ఉరుములు ఉరిమాక, పొలం గట్టున చెదపుట్ట పక్కన తెల్లగా మొలిచేవాటిని మనవాళ్లు పుట్టగొడుగులన్నారు. తెలంగాణలో అవే పుట్టకొక్కులు. రెండు పేర్లలోనూ ముందు వచ్చేది పుట్టే. ఈ పేరులోనే గుర్తుపట్టే పద్ధతి కూడా దాగి ఉంది. వాటిని ఏరి తెచ్చే పెద్దలు గొడుగు ఆకారం కంటే ముందు అది మొలిచిన చోటును చూస్తారు. అక్కడ పుట్ట ఉందా, కిందటేడు కూడా అదే చోట వచ్చిందా, కాడ నేలలోకి ఎంత లోతుకు దిగింది అన్నవి వాళ్ల ప్రశ్నలు. ఈ ఆనవాళ్లకు శాస్త్రం నుంచి గట్టి ఆధారమే ఉంది. చెదపురుగులు ఎండుటాకులనూ కట్టెనూ నమిలి, విసర్జించిన పదార్థంతో పుట్ట లోపల తేనెపట్టును పోలిన అరలు కట్టుకుని, వాటి మీద టెర్మిటోమైసిస్ అనే శిలీంధ్రాన్ని పంటలా పెంచుకుంటాయి. వానకు పైకి లేచే గొడుగు ఆ పంటదే. అందుకే దాని కాడ అడుగున వేరులా సాగి, అడుగుల లోతున ఉన్న ఆ అరల దాకా వెళ్తుంది.

ఈ టెర్మిటోమైసిస్ ఆఫ్రికా, ఆసియా ఖండాల్లోనే పెరుగుతుంది. ఐరోపాలో గానీ అమెరికాలో గానీ దాన్ని పెంచే చెదపురుగులు లేవు. కాబట్టి ఆకురాలే కాలంలో ఇంగ్లండు అడవిలోనో, కాలిఫోర్నియా ఓక్ చెట్ల కిందో నడుస్తున్న తెలుగువారికి కళ్లెదుట కనిపించే గొడుగు ఊళ్లో చూసినట్టే ఉన్నా, దాన్ని గుర్తుపట్టడానికి ఆధారమైన పుట్ట మాత్రం అక్కడ ఉండదు. చోటు చెప్పే సాక్ష్యం పోయి, ఆకారం ఒక్కటే మిగులుతుంది. పుట్టగొడుగుల విషయంలో మనిషిని ఎక్కువగా మోసం చేసేది ఆకారమే. ఈ వ్యాసం ఆ చిక్కు గురించే.

మొదట మాటల సంగతి చూద్దాం. తినకూడనివాటిని మనం కుక్కగొడుగులంటాం. ఇంగ్లీషువాళ్లు వాటిని టోడ్‌స్టూల్ అన్నారు, అంటే కప్పపీట. ఈ రెండు మాటలనూ వింటే మంచి గొడుగులు ఒక జాతి, చెడ్డ గొడుగులు వేరొక జాతి అనిపిస్తుంది. ప్రకృతిలో అలాంటి విభజన ఏదీ లేదు. అమానిటా అనే ఒకే ప్రజాతిలో ప్రాచీన రోమన్లు మక్కువతో తిన్న సీజర్ పుట్టగొడుగు ఉంది, మనుషులను చంపడంలో లోకంలోకెల్లా ముందున్న డెత్ క్యాప్ కూడా ఉంది. విషజాతులన్నిటికీ ఉమ్మడిగా ఉండే గుర్తు ఒక్కటీ లేదు. అందుచేత ‘ఇది విషమా, కాదా?’ అని అడిగితే జవాబు దొరకదు. ‘ఇది కచ్చితంగా ఏ జాతి?’ అని అడగాలి. జాతి తేలితే విషం సంగతి దానంతటదే తేలుతుంది.

వెండి చెంచా వేస్తే నల్లబడుతుందని, ఉడికించేటప్పుడు బియ్యం వేస్తే ఎర్రబడుతుందని, పురుగులూ నత్తలూ కొరికినది మంచిదని, గొడుగు మీది తొక్క సులువుగా ఊడి వస్తే తినవచ్చని చాలా దేశాల్లో చెప్పుకుంటారు. ఈ పరీక్షల్లో ఏ ఒక్కటీ నమ్మదగినది కాదు. డెత్ క్యాప్ తొక్క చక్కగా ఊడి వస్తుంది, నత్తలు దాన్ని హాయిగా తింటాయి. అది తిని బతికి బయటపడినవారు చాలామంది రుచి బాగుందనే చెప్పారు. రంగును నమ్మడం కూడా ప్రమాదమే. పిల్లల పుస్తకాల్లో ఎర్ర గొడుగు మీద తెల్ల చుక్కలతో కనిపించే ఫ్లై అగారిక్ మత్తునూ భ్రమలనూ కలిగించే విషజాతే అయినా, దాని వల్ల ప్రాణం పోవడం అరుదు. ప్రాణం తీసేవి ఎక్కువగా లేత ఆకుపచ్చ, తెలుపు, గోధుమ రంగుల్లో సాదాసీదాగా ఉంటాయి.

మనం గొడుగు అంటున్నది నిజానికి ఒక పండు వంటిది. అసలు శిలీంధ్రం ఏడాది పొడవునా మట్టిలోనో, పుచ్చిన కట్టెలోనో సన్నని దారాల అల్లికగా ఉంటుంది. అడవి గొడుగుల్లో అనేకం ఆ దారాలతో చెట్ల వేళ్ల కొసలను చుట్టుకుని, చెట్టుకు నీటినీ ఖనిజాలనూ అందించి, బదులుగా చెట్టు తయారుచేసుకున్న చక్కెరను తీసుకుంటాయి. వేసవంతా ఆకులు పోగుచేసిన ఆహారం నేలలోకి చేరి, ఎండ తగ్గి, మట్టి తడిసి చల్లబడిన వేళ ఆ అల్లిక పండు కాస్తుంది. అందుకే ఐరోపాలో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పుట్టగొడుగుల రోజులు. ఉత్తర కాలిఫోర్నియాలో వేసవి పొడిగా గడిచి, ఆకురాలే కాలం చివర తొలి వానలు పడ్డాకే అవి మొదలై శీతాకాలమంతా సాగుతాయి. ఏ చెట్టు కింద మొలిచిందన్నది గుర్తింపులో అంత ముఖ్యం కావడానికి కారణం ఈ బంధమే. మన పుట్ట చేసే పనిని అక్కడ చెట్టు చేస్తుంది.

డెత్ క్యాప్ శాస్త్రీయ నామం అమానిటా ఫాలోయిడిస్. దీని స్వస్థలం ఐరోపా, దీని చెలిమి ఓక్, బీచ్, చెస్ట్‌నట్ వంటి చెట్లతో. ఆ చెట్ల మొక్కలను వేళ్ల మట్టితో సహా ఇతర ఖండాలకు తీసుకుపోయి నాటినప్పుడు ఇదీ వెంట వెళ్లింది. కాలిఫోర్నియాలో దీని తొలి నమూనాను 1938లో మాంటెరేలోని ఒక హోటల్ ఆవరణలో సేకరించారు. ఆ తరువాత అక్కడి స్థానిక ఓక్ చెట్లతోనూ జత కట్టి శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా అంతటా వ్యాపించింది. కెనడాలోని వాంకూవర్‌లో వీధుల పక్కన నాటిన హార్న్‌బీమ్ చెట్ల కింద, ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో నీడ కోసం పెంచిన ఓక్ చెట్ల కింద మొలుస్తోంది. అంటే ఇది దట్టమైన అడవిలోకి వెళ్తే తప్ప ఎదురుపడనిది కాదు. మనవాళ్లు ఎక్కువగా స్థిరపడిన ఊళ్లలోనే, పిల్లలు ఆడుకునే పార్కుల్లో, ఇంటి ముందు పచ్చికలో కనిపిస్తుంది.

ఆసియా నుంచి వెళ్లినవారు దీని బారిన పడడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. మన దగ్గర వరిగడ్డి మోపుల మీద పెంచే వరిగడ్డి పుట్టగొడుగు, అంటే వాల్వేరియెల్లా వాల్వేసియా, దీనికి బాగా పోలిక. దక్షిణాసియా, ఆగ్నేయాసియా అంతటా దాన్ని తింటారు, అందులోనూ గొడుగు విచ్చుకోని గుడ్డు దశలో ఎక్కువ ఇష్టపడతారు. కాన్‌బెర్రాలో డెత్ క్యాప్ తిని 2012 జనవరిలో మరణించిన ఇద్దరిలో ఒకరు చైనా నుంచి వచ్చిన వృత్తి వంటవాడు. వంట రాకనో, పుట్టగొడుగులు తెలియకనో జరిగిన పొరపాటు కాదది. తన దేశంలో సంపాదించిన తెలివిడి వేరే నేల మీద తనకే ఎదురు తిరిగింది. దీన్ని నిర్లక్ష్యం అని కొట్టిపారేయడం నాకు ఎంతమాత్రం న్యాయంగా తోచదు.

ఈ రెండింటినీ దగ్గర నుంచి చూద్దాం. ఓక్ చెట్టు కింద రాలిన ఆకులను చేత్తో తొలగిస్తే కోడిగుడ్డు పరిమాణంలో ఒక తెల్లని ముద్ద కనిపిస్తుంది. వరిగడ్డి పుట్టగొడుగు గుడ్డు అయితే పైపొర తరచుగా బూడిద, గోధుమ ఛాయలో ఉంటుంది గానీ ఆ తేడా ఒక్కదాని మీద ఆధారపడలేం. గుడ్డును నిలువుగా రెండు చెక్కలుగా కోస్తే రెండింటిలోనూ లోపల చుట్టచుట్టుకున్న చిన్న గొడుగు, దాని కాడ కనిపిస్తాయి. గొడుగు పైకి లేచేటప్పుడు ఆ పైపొర చిరిగి, కాడ అడుగున సంచిలా మిగులుతుంది. ఈ సంచి రెండింటికీ ఉంటుంది. తేడాలు ఆ పైన మొదలవుతాయి. గొడుగు అడుగున కుచ్చిళ్లలా అంచులు కిందికి దిగి ఉండే పలుచని పొరలను చేపతో పోల్చి మొప్పలందాం. డెత్ క్యాప్ మొప్పలు లేతగా ఉన్నా ముదిరినా తెల్లగానే ఉంటాయి; వరిగడ్డి పుట్టగొడుగువి మొదట తెల్లగా ఉండి, ముదిరే కొద్దీ గులాబీ రంగుకు తిరుగుతాయి. డెత్ క్యాప్ కాడ పైభాగాన చిన్న పావడాలా వేలాడే పలుచని పొర ఒకటి ఉంటుంది. వరిగడ్డి పుట్టగొడుగుకు అది ఉండదు. ఒకటి చెట్ల వేళ్ల దాపున నేలలో, రెండోది కుళ్లుతున్న గడ్డి మీద మొలుస్తుంది. విచ్చుకున్న డెత్ క్యాప్ సాధారణంగా 5 నుంచి 15 సెంటీమీటర్ల వెడల్పుతో, ఆలివ్ ఆకుపచ్చ నుంచి పసుపు దాకా ఛాయలతో, కొన్నిసార్లు దాదాపు తెల్లగా ఉంటుంది.

ఈ ఆనవాళ్లలో చిక్కేమిటంటే, ప్రతి ఒక్కటీ కంటికి అందకుండా పోగలదు. పావడా వంటి పొర వానకు రాలిపోవచ్చు. రంగు ఎండకూ నీటికీ వెలిసిపోవచ్చు. లేత వరిగడ్డి పుట్టగొడుగు మొప్పలూ తెల్లవే. అన్నిటికంటే కీలకమైన అడుగు సంచి మట్టిలో ఉంటుంది కాబట్టి, కత్తితో నేల మట్టానికి కోసుకున్నవారికి అది ఎప్పటికీ కనిపించదు. కోసి తేవడమే మర్యాద అని చాలామంది నమ్ముతారు గానీ, గుర్తుపట్టడానికి తెచ్చే నమూనాను మాత్రం చాకుతో చుట్టూ మట్టిని వదులు చేసి అడుగుతో సహా పెకలించాలి. ఫోన్‌లో పైనుంచి తీసిన ఒక్క ఫొటోను చూసి పేరు చెప్పే యాప్‌లను నమ్మకూడదనేది కూడా ఇందుకే. ఆ ఫొటోలో మొప్పల రంగు, కాడ అడుగు, వాసన ఏవీ ఉండవు.

కంటికి అందని ఒక సాక్ష్యాన్ని మాత్రం ఇంట్లోనే రాబట్టవచ్చు. మొప్పల నుంచి రాలే సిద్ధబీజాలు విడివిడిగా కంటికి ఆనవు, కుప్పగా పడితే రంగు తెలుస్తుంది. కాడను గొడుగు మొదట్లో కోసేసి, సగం తెల్లగా సగం నల్లగా ఉన్న కాగితం మీద గొడుగును మొప్పలు కిందికి వచ్చేలా ఉంచి, పైన గాజు గ్లాసు బోర్లించి రాత్రంతా కదపకుండా వదిలేయాలి. తెల్లవారి గొడుగును మెల్లగా ఎత్తితే, మొప్పల వరుస ఎలా ఉందో అలాగే, ముగ్గు కర్రతో గీసినంత సన్నని గీతలతో పొడి పడి ఉంటుంది. నల్ల సగం మీద తెల్లని గీతలు కనిపించి, తెల్ల సగం మీద ఏమీ లేనట్టు ఉంటే పొడి తెల్లది, అమానిటాకు అదే రంగు. వరిగడ్డి పుట్టగొడుగుది గులాబీ రంగు. దుకాణాల్లో దొరికే బటన్ పుట్టగొడుగు కుటుంబానిది ముదురు చాకొలెట్ రంగు. తుప్పు రంగు పడితే వెబ్‌క్యాప్‌లనే విషజాతులనీ, పుచ్చిన మొద్దుల మీద మొలిచే గలెరినా అనే చిన్న గోధుమ గొడుగునీ అనుమానించాలి. ఆ గలెరినాలో ఉన్నది డెత్ క్యాప్ విషమే. ఆకుపచ్చ పొడి పడితే అది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్. పచ్చికలో మొలిచే ఈ పెద్ద తెల్ల గొడుగు అమెరికాలో అత్యధికంగా కడుపును పాడుచేసే జాతి, మన దేశంలోనూ ఉంది. అయితే పొడి రంగు జాతిని తేల్చదు, కుటుంబాన్ని మాత్రమే సూచిస్తుంది. తెల్ల పొడి రాల్చేవాటిలో తినదగినవి కూడా ఎన్నో ఉన్నాయి. ఆ సూచనను ఆకారంతో, చోటుతో, వాసనతో కలిపి చదివితేనే అర్థం వస్తుంది.

డెత్ క్యాప్ విషం పనిచేసే తీరును కాస్త వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే ప్రాణాలు పోవడానికి విషం ఎంత కారణమో, అది బయటపడే వేళ అంత కారణం. అమానిటిన్ అనే ఈ విషం 8 అమైనో ఆమ్లాలు ఉంగరంలా ముడిపడిన చిన్న అణువు. ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా, ఫ్రీజర్‌లో పెట్టినా అది విరిగిపోదు. కణంలో జన్యువుల సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా నకలు తీసే ఎంజైమును అది పట్టుకుని ఆపేస్తుంది. నకలు ఆగితే కొత్త ప్రోటీన్ల తయారీ ఆగుతుంది. నిరంతరం ప్రోటీన్లు తయారుచేసే కాలేయ కణాలకు ఈ దెబ్బ అందరికంటే గట్టిగా తగులుతుంది. పైగా కాలేయం ఆ విషాన్ని పైత్యరసంతో పేగులోకి పంపితే, పేగు దాన్ని తిరిగి పీల్చుకుని మళ్లీ కాలేయానికే చేరుస్తుంది. పెద్ద మనిషి ప్రాణానికి ముప్పు తెచ్చేంత విషం ఒక్క గొడుగులోనే ఉండవచ్చు.

తిన్న తరువాత తొలి 6 గంటలు, చాలాసార్లు 12 గంటల వరకు కూడా, ఏమీ తెలియదు. ఆ తరువాత నీళ్ల విరేచనాలు, వాంతులు, కడుపునొప్పి మొదలవుతాయి. ఒకటి రెండు రోజులకు అవి తగ్గి, మనిషి తేరుకున్నట్టు కనిపిస్తాడు. ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుని, ఏదో సరిపడలేదులే అనుకుని ఊరుకునేది ఈ మధ్యకాలంలోనే. కాలేయం కణం కణంగా చచ్చిపోతున్నదీ అప్పుడే. మూడు నాలుగు రోజులకు కళ్లు పచ్చబడి, రక్తం గడ్డకట్టే గుణం తగ్గి, మళ్లీ ఆసుపత్రికి చేరేసరికి కాలేయ మార్పిడి ఒక్కటే మార్గంగా మిగలవచ్చు. ఇతర చికిత్సలు లేకపోలేదు: నిలకడగా సెలైన్ ఎక్కించడం, మిల్క్ థిసిల్ అనే ముళ్ల మొక్క గింజల నుంచి తీసిన సిలిబినిన్, ఎన్-అసిటైల్ సిస్టీన్ వంటివి ఇస్తారు. అవన్నీ ఎంత ముందుగా మొదలైతే అంత మేలు. 2016 డిసెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో 14 మందికి ఈ విషం సోకింది. వారిలో ముగ్గురికి కాలేయం మార్చవలసి వచ్చింది. అందరూ బతికారు గానీ, ఒక పసిబిడ్డకు నాడీవ్యవస్థ శాశ్వతంగా దెబ్బతింది.

తిన్న గంట రెండు గంటల్లోనే వాంతులు పట్టుకుంటే అది సాధారణంగా ఇంత భయంకరమైన జాతి కాదని వైద్యులు భావిస్తారు. కానీ బుట్టలో రెండు మూడు జాతులు కలిసి ఉంటే ఆ లెక్క తప్పుతుంది. ఒకటి వెంటనే వాంతి చేయిస్తే, రెండోది మౌనంగా తన పని తాను చేసుకుపోవచ్చు. ఇంకా ఆలస్యంగా బయటపడే విషం వెబ్‌క్యాప్‌లది. వాటిలోని ఒరెలనిన్ మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, లక్షణాలు కనిపించడానికి కొన్నిసార్లు రెండు మూడు వారాలు పడుతుంది. 2008లో స్కాట్లాండ్‌లో ఒక ప్రసిద్ధ బ్రిటిష్ నవలా రచయిత, ఆయన భార్య, మరో ఇద్దరు బంధువులు తినే జాతి అనుకుని వీటిని వండుకున్నారు. వారిలో ముగ్గురికి మూత్రపిండాల మార్పిడి అవసరమైంది.

అలాగని అన్ని జాతుల గుర్తింపూ ఇంత ప్రమాదకరమైన పని కాదు. గొడుగు అడుగున మొప్పలకు బదులు స్పాంజిలా సన్నని రంధ్రాలుండే బొలీట్లలో డెత్ క్యాప్‌తో పొరబడేది ఏదీ లేదు. ఐరోపావాళ్లు అపురూపంగా చూసుకునే పోర్చీని ఈ వర్గానిదే. వీటిలోనూ చేదువి, కడుపును కల్లోలపరిచేవి ఉన్నాయి గానీ, కొత్తగా నేర్చుకునేవారికి ఇక్కడ మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. షాంటరెల్ మరొకటి. గుడ్డు పచ్చసొన రంగులో, ఆప్రికాట్ పండు వాసనతో ఉండే దీని అడుగున నిజమైన మొప్పలు ఉండవు, కాడ మీదికి జారే మొద్దుబారిన మడతలుంటాయి. దాన్ని పోలిన నారింజ రంగు జాక్-ఓ-లాంటర్న్ విషజాతి. దానికి కత్తి అంచులాంటి అసలైన మొప్పలుంటాయి, అది కట్టె మీదో, నేలలో పూడిపోయిన వేళ్ల మీదో గుత్తులుగా మొలుస్తుంది. మైదానాల్లో దొరికే తెల్ల బటన్ రకాల్లో ఒకదాన్ని కాడ అడుగున గోటితో గీరితే వెంటనే ముదురు పసుపుగా మారి, సిరా వాసన కొడుతుంది. అది ఎల్లో స్టెయినర్, కడుపుకు పడదు. లేత తెల్ల అమానిటాలు బటన్ పుట్టగొడుగుల్లాగే కనిపిస్తాయి కాబట్టి, ప్రతి బటన్‌నూ నిలువుగా కోసి లోపల గుడ్డు పొర, సంచి జాడలున్నాయేమో చూడకుండా బుట్టలో వేయకూడదు.

జాతి పేరు తెలిసినంత మాత్రాన కథ ముగియని సందర్భాలూ ఉన్నాయి. తూర్పు ఐరోపాలో తరతరాలుగా తిన్న పాక్సిల్లస్ ఇన్వొల్యూటస్ అనే గోధుమరంగు గొడుగు, ఎన్నోసార్లు తిన్నాక హఠాత్తుగా రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొట్టి ఎర్ర రక్తకణాలను పగలగొట్టించగలదు. 1944లో అది తిన్న తరువాత మరణించిన యూలియస్ షేఫర్ స్వయంగా శిలీంధ్ర శాస్త్రవేత్త. ఫ్రాన్స్‌లో ఎంతో ఇష్టంగా తిన్న ట్రైకలోమా ఈక్వెస్ట్రే అనే పసుపు గొడుగు వరుసగా ఎక్కువ మోతాదుల్లో తిన్నవారిలో కండరాలను కరిగించిందని 2001లో వెలువడిన పరిశోధన తేల్చింది. అందులోని 12 మంది రోగుల్లో ముగ్గురు చనిపోయారు. ‘మా తాతల నాటి నుంచి తింటున్నాం’ అన్న మాటకు విలువ లేదని నేను అనను. ఆ మాట ఆ నేలకూ, ఆ మోతాదుకూ, ఆ వంట తీరుకూ చెందినదని గుర్తుంచుకోవాలి.

గుర్తుపట్టడం నేర్చుకోదలచినవారికి పుస్తకం కంటే మనుషులు ముఖ్యం. స్విట్జర్లాండ్‌లో పలు ఊళ్లలో శిక్షణ పొందిన తనిఖీదారులు పౌరులు తెచ్చిన బుట్టలను పరీక్షించి చెప్తారు. ఫ్రాన్స్‌లో ఫార్మసిస్టుల చదువులో పుట్టగొడుగుల శాస్త్రం ఒక భాగం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1950లో ఏర్పడిన మైకలాజికల్ సొసైటీ, అంటే శిలీంధ్రాల అధ్యయన సంఘం, వంటివి అమెరికాలో చాలా నగరాల్లో ఉన్నాయి, కొత్తవారిని వెంటబెట్టుకుని అడవికి తీసుకువెళ్తాయి. ఒక ఆకురాలే కాలమంతా ఒకే ఒక్క జాతిని, దాన్ని పోలిన విషజాతులతో సహా, గుడ్డు దశ నుంచి కుళ్లే దశ దాకా వాళ్లతో కలిసి చూడటం పది జాతుల బొమ్మలు బట్టీ పట్టడం కన్నా ఎంతో ప్రయోజనకరం. పుట్ట దగ్గర మన పెద్దలు మనకు నేర్పింది కూడా అలాగే, ఏటేటా అదే చోటుకు తీసుకువెళ్లి.

ఇంట్లో ఎవరైనా తెలియని గొడుగు తిన్నారని తెలిసిన క్షణానే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా వైద్య సహాయం కోరాలి. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబరు 1-800-222-1222కు రాత్రయినా పగలయినా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వండగా మిగిలిన ముక్కలను, చెత్తబుట్టలో పడేసిన కాడ అడుగులతో సహా, ప్లాస్టిక్ సంచిలో పెడితే మురిగిపోతాయి కాబట్టి కాగితపు సంచిలో ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. డాక్టరుకు ముందుగా చెప్పవలసినవి రెండు: ఎన్ని గంటలకు తిన్నారు, మొదటి వాంతో విరేచనమో ఎన్ని గంటలకు అయింది. ఆ రెండింటి మధ్య 6 గంటలకు మించి ఎడముంటే, రోగి ఎంత కులాసాగా కనిపిస్తున్నా కాలేయ పరీక్షలు చేయించకుండా ఇంటికి తీసుకురాకూడదు.